జెరూసలేం, హెబ్రాన్: ఏ గేటు ఎవరికి

2023 ఫిబ్రవరి 4, శనివారం – డమాస్కస్ గేటు

మేం జెరూసలేం పాతబస్తీ చేరేసరికి చీకటి పడింది. గేటు ముందు రాతి మెట్లు, వాటి మీద చలికి ముడుచుకుని కూర్చున్న కుర్రాళ్లు, వాళ్లనే చూస్తూ నిలబడ్డ ఇజ్రాయెల్ బోర్డర్ పోలీసులు. పోలీసుల్లో చాలామందికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. భుజాన పొడవాటి తుపాకీ, వేలు ట్రిగ్గర్‌కు దగ్గరగా. ఒకమ్మాయి అలాగే నిలబడి ఫోన్లో ఎవరికో గుడ్‌నైట్ చెబుతున్నట్టుంది.

నాతో వచ్చింది మా ఆఫీసు మనిషి. కర్నూలు. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను అన్నా అంటాడు. అల్ అక్సా మసీదులో రెండు రకాతులు నమాజు చేసుకోవాలని ఆయన కోరిక. ఆ మసీదున్న కొండ ముస్లింలకూ యూదులకూ పవిత్రమే, దాని మీద గొడవ గురించి 2017 నుంచి పేపర్లో చదువుతున్నాను, ఆ చోటు కళ్లతో చూడాలని నాది. ఇంట్లోవాళ్లు వద్దన్నారు. వాళ్ల భయం ఉత్తది కాదు. జనవరి 3న ఇజ్రాయెల్ కొత్త జాతీయ భద్రతా మంత్రి ఇతమార్ బెన్ గ్విర్ ఆ ప్రాంగణంలోకి వెళ్లొచ్చాడు. 26న వెస్ట్ బ్యాంకులోని పాలస్తీనా పట్టణం జెనిన్‌లో ఇజ్రాయెల్ సైన్యం దాడి చేస్తే ఆ రోజే తొమ్మిది మంది పాలస్తీనీయులు చనిపోయారు. మర్నాడు జెరూసలేంలోనే నేవె యాకోవ్ దగ్గర సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) బయట ఒకడు ఏడుగురిని కాల్చి చంపాడు.

మేం కూర్చున్న ఈ మెట్లకూ ఒక కథ ఉంది. రమజాన్‌లో ఇఫ్తార్ అయ్యాక జనం చేరేది ఇక్కడికే. 2021లో పోలీసులు ఇక్కడ కూర్చోకుండా బారికేడ్లు పెట్టారు. రోజూ రాత్రి గొడవ. చివరికి బారికేడ్లు తీసేశారు గానీ అప్పటికే పరిస్థితి చెయ్యి దాటింది. షేక్ జర్రా పేటలో పాలస్తీనా కుటుంబాలను ఇళ్లు ఖాళీ చేయించే తగాదా, మసీదులోకి పోలీసులు వెళ్లడం, ఆ పైన గాజాతో 11 రోజుల యుద్ధం. యుద్ధానికి కారణాలు చాలా ఉన్నాయి, బారికేడ్లు ఒక్కటే కాదు. కానీ ఈ ఊళ్లో మెట్ల మీద పెట్టే ఇనుప కంచె కూడా చిన్న విషయం కాదు.

తోపుడు బండి మీద కఆక్ కొన్నాం. నువ్వులద్దిన పొడవాటి రొట్టె, కాగితంలో చుట్టిన జాతర్ పొడి. పది షెకెళ్లు, అంటే అప్పటి లెక్కన 240 రూపాయల దాకా. "ఇండియానా?" అన్నాడు బండి అబ్బాయి. అమితాబ్ పేరు చెప్పి ఇంకో పొట్లం పొడి ఊరికే ఇచ్చాడు.

ఫిబ్రవరి 5, ఆదివారం – కొండ మీద

భాయ్ తెల్లవారుజామునే నమాజుకి బయల్దేరాడు. మజ్లిస్ గేటు దాకా నేనూ వెళ్లాను. సందు చివర ఆకుపచ్చ తలుపు, తలుపు ముందు ఇజ్రాయెల్ పోలీసులు, లోపల మసీదు నిర్వహణ చూసే వక్ఫ్ సంస్థ కాపలాదారులు, వాళ్లకు జీతమిచ్చేది జోర్డాన్. పోలీసు మా ఇద్దరినీ ఒకే మాట అడిగాడు. "ముస్లిం?" భాయ్ అవునన్నాడు. పాస్‌పోర్టు చూశారు, లోపలి కాపలాదారు ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా చదవమన్నాడు. ఆయన మొత్తం చదివాడు. అయ్యాక ఆ కాపలాదారు ఛాతీ మీద చెయ్యి వేసుకుని దారిచ్చాడు. నా దగ్గరకొచ్చేసరికి పోలీసు తల అడ్డంగా ఊపి, "మగ్రబీ గేటు" అని కిందికి చెయ్యి చూపించాడు. ఇద్దరివీ ఒకే పాస్‌పోర్టులు, ఒకే ఆఫీసు సెలవు చీటీలు. దారులు మాత్రం వేరయ్యాయి.

ముస్లిమేతరులకు ఉన్నది ఆ ఒక్క గేటే. మేం వెళ్లినప్పుడు వారంలో ఆదివారం నుంచి గురువారం దాకా, చలికాలంలో ఉదయం పదిన్నర వరకు, మళ్లీ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి గంటసేపు తెరిచేవారు. క్యూలో గంటకు పైగా నిలబడ్డాను. నా ముందు బ్రెజిల్ నుంచి వచ్చిన చర్చి బృందం. వాళ్ల దగ్గర బైబిళ్లు పక్కన పెట్టించారు. మతగ్రంథం, ప్రార్థన వస్తువులు ఏవీ లోపలికి పోనివ్వరు. తర్వాత చెక్క వంతెన. ఇక్కడున్న మట్టి దారి 2004లో కూలిపోతే తాత్కాలికమని కట్టిందే ఇది, ఇప్పటికీ ఉంది. మార్చాలంటే ఎవరు మార్చాలన్నదే తగాదా. వంతెన మీద నడుస్తుంటే ఒక పక్కన గోడకు ఆనించి అల్లర్లప్పుడు వాడే పారదర్శకమైన డాళ్లు దొంతరగా పేర్చి ఉన్నాయి. గీతలు పడి, అంచులు మసకబారి, పట్టీల దగ్గర చెమట మరకలు. ఊరికే పెట్టినవి కావు, రోజూ చేతుల్లోకి వెళ్లొస్తున్నవని చూస్తేనే తెలుస్తుంది.

వంతెన దాటితే ఇరుకు సందులన్నీ మాయం. 35 ఎకరాల ఆవరణ. ఆలివ్ చెట్లు, కాళ్లు చేతులు కడుక్కునే కుళాయిలు, బంతాట ఆడుతున్న పిల్లలు, చెట్టు కింద టిఫిన్ విప్పిన ఆడవాళ్లు. పైన నీలి పలకల మీద బంగారు గుమ్మటం, ఏడో శతాబ్దం చివర్లో ఖలీఫా అబ్దుల్ మలిక్ కట్టించింది. ముస్లింలకు మక్కా, మదీనా తర్వాత ఇదే. మొత్తం ఆవరణే అల్ అక్సా అంటారు వాళ్లు. యూదులకు వాళ్ల రెండు దేవాలయాలూ నిలిచిన కొండ, లోకంలో అంతకు మించిన చోటు లేదు.

భాయ్ వజూ కుళాయిల దగ్గర కూర్చుని కనిపించాడు. వేరే తలుపుల్లోంచి వచ్చి లోపల కలుసుకున్నాం. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మా అమ్మ చూసి ఉంటే బాగుండు అన్నా" అన్నాడు, అంతే.

కాసేపటికి యూదుల గుంపు ఒకటి వచ్చింది. పది పదిహేను మంది, ముందూ వెనకా పోలీసులు. ఆవరణ అంచుల వెంబడే నడిచి, తూర్పున బాబుర్రహ్మా గేటు వైపు ఆగారు. దూరం నుంచి వక్ఫ్ మనుషులు చూస్తున్నారు, ఒకాయన ఫోన్‌తో తీస్తున్నాడు. 1967లో పాతబస్తీ ఇజ్రాయెల్ చేతికి వచ్చినప్పుడు రక్షణమంత్రి మోషే దయాన్ చేసిన ఏర్పాటు ఇప్పటికీ పునాది: ముస్లింలు ప్రార్థన చేసుకుంటారు, మిగతావాళ్లు చూసి వెళ్తారు, లోపలి నిర్వహణ వక్ఫ్‌ది, భద్రత ఇజ్రాయెల్‌ది. 1994 శాంతి ఒప్పందంలో జోర్డాన్ ప్రత్యేక పాత్రనూ ఒప్పుకున్నారు. అప్పటికి కొన్నేళ్లుగా తూర్పు మూలన మెల్లగా పెదవులు కదిపి ప్రార్థించే యూదులను పోలీసులు చూసీ చూడనట్టు వదిలేస్తూ వచ్చారు. ఆ రోజు ఒక పెద్దాయన కళ్లు మూసుకుని నిలబడ్డాడు, పెదవులు కదులుతున్నాయి. పక్కన పోలీసు అటు చూడలేదు, కెమెరా పట్టుకున్న వక్ఫ్ మనిషి అటే చూశాడు. గొడవంతా ఆ రెండు చూపుల మధ్య ఉంది.

లోపలికి వచ్చేటప్పుడే ప్రశ్నలు, పోయేటప్పుడు ఏ గేటైనా ఫర్వాలేదు. ఇద్దరం పత్తి వర్తకుల గేటు పక్కన ఆగాం. మౌలానా మహమ్మద్ అలీ జౌహర్ సమాధి అక్కడే. ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు, 1931 జనవరిలో లండన్‌లో చనిపోతే తెచ్చి ఇక్కడ ఖననం చేశారు. 1920లలో ఈ కట్టడాల మరమ్మతులకు చందాల కోసం జెరూసలేం బృందం మన దేశానికి వచ్చినప్పుడు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కూడా డబ్బిచ్చాడు. భాయ్ దువా చేసుకున్నాడు. బయటికొచ్చి మూలమీద కొట్లో హమ్మస్, ఉల్లిపాయ ముక్కలు, వేడి ఫలాఫెల్ తిన్నాం. ఇద్దరికీ 60 షెకెళ్లు.

ఫిబ్రవరి 6, సోమవారం – గోడ దగ్గర

పొద్దున్నే టీ కొట్లో అందరి కళ్లూ టీవీకే. టర్కీ, సిరియాల్లో భూకంపం. ఆ పూట ఈ ఊళ్లో ఎవరూ ఎవరితోనూ రాజకీయం మాట్లాడలేదు.

వానలో పశ్చిమ గోడకు వెళ్లాను. మెటల్ డిటెక్టర్ దాటితే విశాలమైన మైదానం. 1967 జూన్ దాకా ఇక్కడ మగ్రబీ పేట ఉండేది, యుద్ధం ముగిసిన రోజుల్లోనే ఇళ్లు పడగొట్టి మైదానం చేశారు. ఇంకో మాట కూడా చెప్పాలి. 1948 నుంచి ఆ 19 ఏళ్లూ జోర్డాన్ పాలనలో యూదులను ఈ గోడ దగ్గరికే రానివ్వలేదు, యూదుల పేటలో సినగాగులు నేలమట్టమయ్యాయి. రెండూ నిజాలే. ఒకటి చెప్పేవాళ్లు రెండోది చెప్పడం నేను ఎక్కువగా వినలేదు.

గోడ దగ్గర ఒక పెద్దాయన హిందీలో పలకరించాడు. బెనె ఇజ్రాయెల్, అంటే మహారాష్ట్ర యూదుల వర్గం వాడు, వాళ్ల నాన్న థానే నుంచి వచ్చాడట. యూదుల చెట్ల పండగ తూ బిష్వాత్ అని సంచిలోంచి ఎండు అంజీరాలు, ఖర్జూరాలు ఇచ్చాడు. మగ్రబీ వంతెన మొదట్లో ఉన్న బోర్డు చూపించాడు. పైకి ఎక్కడం యూదుల ధర్మశాస్త్రం తోరా ప్రకారం నిషిద్ధమని చీఫ్ రబ్బీల పేరిట రాసి ఉంది. "నేను డెబ్బై దాటాను, ఒక్కసారీ ఎక్కలేదు. అంత పవిత్రమైన నేల మీద ఎక్కడ కాలు పెడతామో తెలియదు. మా అల్లుడు వారం వారం ఎక్కుతాడు. మా సొంత కొండ మీద మేం నోరు తెరిచి ప్రార్థించకూడదా అంటాడు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ" అన్నాడు. బాధగానే అన్నాడు. ఆ అల్లుడి ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ మాట అన్యాయమైంది కాదు. కానీ దానికి జవాబు మర్నాడు కాక ఆ తర్వాతి రోజు, వెస్ట్ బ్యాంకులోని హెబ్రాన్ ఊళ్లో చూశాను.

ఫిబ్రవరి 7, మంగళవారం – హెరోదు గేటు

రోజంతా వాన. హెరోదు గేటు పక్కన ఇండియన్ హాస్పీస్ చూశాం. 13వ శతాబ్దంలో పంజాబు సూఫీ బాబా ఫరీద్ జెరూసలేం వచ్చినప్పుడు ఇక్కడే ఉన్నాడని చెబుతారు. 1924 నుంచి సహారన్‌పూర్ మూలాలున్న అన్సారీ కుటుంబం నడుపుతోంది. గేటు మీద మన దేశం పేరు చూడగానే భాయ్ చెప్పులు సర్దుకుని నిటారుగా నడిచాడు. సాయంత్రం సహ్లబ్ అనే చిక్కటి వేడి పాలు, పైన దాల్చిన చెక్క పొడి, ఎండు కొబ్బరి. చలికి అంతకంటే మంచి మందు లేదు.

ఆ కొట్టు యజమాని 2017 జులై సంగతి చెప్పాడు. ఆవరణ గేటు దగ్గర ఇద్దరు ఇజ్రాయెల్ పోలీసులను కాల్చి చంపారు. పోలీసులు గేట్లకు మెటల్ డిటెక్టర్లు పెట్టారు. జనం వాటిలోంచి పోబోమని సింహాల గేటు బయట రోడ్ల మీదే నమాజు చేశారు. రెండు వారాలు తిరక్కుండానే డిటెక్టర్లు తీసేశారు. "నిన్న గోడ దగ్గర నేనూ డిటెక్టర్‌లోంచే వెళ్లాను కదా, అందులో తప్పేముంది?" అని అడిగాను. ఆయనకు కోపం రాలేదు. "ఖలీల్ వెళ్లారా?" అని తిరిగి అడిగాడు. ఖలీల్ అంటే హెబ్రాన్. "వెళ్లి చూడండి. అక్కడా మొదట భద్రత అనే అన్నారు."

ఫిబ్రవరి 8, బుధవారం – హెబ్రాన్

బెత్లెహేం దాకా బస్సు, అక్కణ్నుంచి షేర్ ట్యాక్సీ. బైబిల్ చదివినవాళ్లకు మక్పేలా గుహ తెలుసు. శారా చనిపోతే అబ్రాహాము నాలుగు వందల తులాల వెండి తూచి ఇచ్చి హిత్తీయుడి దగ్గర కొన్న పొలం, అందులో గుహ. గుహ మీద హేరోదు కాలపు గోడలు ఇంకా చెక్కుచెదరలేదు. యూదులకు తాతల సమాధి, ముస్లింలకు ఇబ్రహీం మసీదు.

ట్యాక్సీ దింపిన చోటునుంచి పాత బజారులోంచి నడవాలి. ఒక సందు తప్పి మూసేసిన గేటు ముందుకు తేలాం, బడి పిల్లాడు చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు. బజారు పైన ఇనుప వల కట్టి ఉంది, వల నిండా ప్లాస్టిక్ సీసాలు, రాళ్లు, చెత్త. పై అంతస్తుల్లో ఉండే సెటిలర్లు, అంటే 1967 తర్వాత ఇక్కడికొచ్చి స్థిరపడ్డ యూదులు, విసిరేవి కింద జనం మీద పడకుండా కట్టుకున్నారట. 1997 ఒప్పందంతో ఊరు రెండైంది. ఐదింట నాలుగు వంతులు పాలస్తీనా అథారిటీది, మిగిలింది ఇజ్రాయెల్ సైన్యం చేతిలో. ఆ మిగిలిన భాగంలో కొన్ని వందల మంది సెటిలర్లు, 30 వేలకు పైగా పాలస్తీనీయులు. సెటిలర్లు వట్టిగా వచ్చి పడలేదు, వాళ్లూ ఒక గాయం చెబుతారు. 1929లో ఇక్కడ 67 మంది యూదులను అరబ్బుల గుంపులు చంపాయి. శతాబ్దాల పాటు యూదులను మసీదు మెట్లలో ఏడో మెట్టు దాటనివ్వలేదు కూడా.

మసీదు వాకిట్లో తిరిగే ఇనుప గేట్లు, డిటెక్టర్లు, అద్దాల గదిలో సైనికులు. ముస్లింల వైపు ఇద్దరం కలిసే వెళ్లాం. ఇస్సాకు, రిబ్కాల సమాధి కట్టడాలు, ఎర్ర తివాచీలు, తొమ్మిది వందల ఏళ్లు దాటిన చెక్క మిన్బర్ (ప్రసంగ వేదిక). 1994 ఫిబ్రవరి 25న, రమజాన్ శుక్రవారం వేకువ నమాజులో ఉన్నవాళ్ల మీద బరూక్ గోల్డ్‌స్టైన్ అనే సెటిలర్ కాల్పులు జరిపి 29 మందిని చంపింది ఇక్కడే. తర్వాత విచారణ కమిషన్ వేశారు, రెండు వర్గాలనూ విడదీయాలన్నారు. ప్రార్థనా మందిరం మధ్యలో అడ్డుగోడలు వచ్చాయి, కొంత భాగం యూదుల వైపు పోయింది. ఏడాదిలో పది రోజులు మొత్తం యూదులకు, పది రోజులు మొత్తం ముస్లింలకు. చనిపోయింది నమాజు చేసుకుంటున్నవాళ్లు. మసీదులో భాగం పోగొట్టుకున్నదీ వాళ్లే. షుహదా వీధిలో కొట్లు మూతపడిందీ వాళ్లవే, తలుపులకు వెల్డింగ్ వేసి ఉంది. అజాన్ ఇచ్చే గది యూదుల వైపు పడింది కాబట్టి, ముఅజ్జిన్‌ను సైనికులు వెంట ఉండి తీసుకెళ్లాలి.

తర్వాత చుట్టు తిరిగి యూదుల వైపు వెళ్లాం. చెక్‌పోస్టులో ఇతియోపియా మూలాలున్న సైనికుడు, మర్యాదస్తుడు. "మీ మతం?" నేను చెప్పాను. "వెళ్లండి." భాయ్ ఒక్క క్షణం ఆగి, "ముస్లిం" అన్నాడు. ఆ కుర్రాడు "సారీ సార్" అన్నాడు. అబద్ధం చెబితే ఎవరికీ తెలిసేది కాదు. "అల్లా ఇంటి ముందర ఎట్ల చెప్తాన్నా" అన్నాడు భాయ్.

ఆయన మళ్లీ ముస్లింల వైపు వెళ్లాడు, నేను లోపలికి వెళ్లాను. లోపల పుస్తకాల బీరువాలు, ఊగుతూ చదువుతున్న విద్యార్థులు, ఒక మూల పిల్లాడికి అక్షరాలు దిద్దిస్తున్న తాత. అబ్రాహాము సమాధి గదికి రెండు వైపులా ఊచల కిటికీలున్నాయి, ఒకటి వీళ్ల వైపు, ఒకటి వాళ్ల వైపు. నేను ఇటునుంచి చూస్తే సమాధి మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డకు అవతల, అటు కిటికీలో భాయ్ మొహం కనపడింది. మధ్యలో తుపాకీ గుండు దూరని అద్దం. ఇద్దరం చెయ్యెత్తుకున్నాం. నా పక్కన ప్రార్థిస్తున్న యువకుడు నా చెయ్యి చూసి, అటు చూసి, మళ్లీ పుస్తకంలోకి తల వంచుకున్నాడు.

జెరూసలేం కొట్టు యజమాని మాట అప్పుడు అర్థమైంది. అల్ అక్సా గేటు దగ్గర డిటెక్టర్ పెడితే, గంటల లెక్కన యూదుల గుంపులు పెరిగితే, మంత్రి నడిచి వెళ్తే వాళ్లకు కనపడేది ఈ అద్దం. గంటలు పంచుకోవడం, తర్వాత స్థలం పంచుకోవడం. అల్లుడి ప్రార్థన హక్కును నేను కాదనను. కానీ తుపాకీ నీడలో వచ్చే ప్రార్థన హక్కు ఎలా ఉంటుందో హెబ్రాన్ చూపిస్తోంది. దయాన్ ఏర్పాటు ఎవరికీ పూర్తి న్యాయం చెయ్యదు. అయినా అది కదిలిన ప్రతిసారీ ప్రాణాలు పోయాయి. 1990, 1996, 2000 – ఏడాది పేరు చెబితే చాలు, అక్కడివాళ్లు శవాల లెక్క చెబుతారు. రాజకీయ నాయకులు ఓట్ల కోసం దాన్ని కెలకడం నాకు నేరంగానే కనపడుతోంది.

ఆకలి దంచేస్తోంది. బజారులో ఖిద్రా తిన్నాం. కట్టెల పొయ్యి కొలిమిలో రాగి కుండతో వండిన అన్నం, సెనగలు, పొట్టు తియ్యని వెల్లుల్లి రెబ్బలు, మెత్తగా ఉడికిన గొర్రె మాంసం. ప్లేటు 30 షెకెళ్లు. భాయ్ కారం అడిగితే పచ్చిమిరప పచ్చడి తెచ్చారు, సంతోషించాడు. మసీదు పక్కనే ఇబ్రహీం పేరు మీద నడిచే అన్నసత్రం ఉంది. రోజూ గిన్నెలు పట్టుకుని పిల్లలు వరసలో నిలబడతారు, ఎవరినీ ఏమీ అడగరు. ఈ ఊళ్లో ఎవరూ ఆకలితో పడుకోరని గర్వంగా చెప్పుకుంటారు. ఆ రోజంతా మతం అడగని వరస అదొక్కటే చూశాను.

ఫిబ్రవరి 10, శుక్రవారం – సింహాల గేటు

శుక్రవారం మగ్రబీ గేటు మూత. సింహాల గేటు బయట, శ్మశానం గోడ పక్కన నిలబడి జనాన్ని చూశాను. చేతికర్రల ముసలివాళ్లు, పిల్లలను భుజానేసుకున్న తండ్రులు, చాపలు చుట్టి పట్టుకున్న ఆడవాళ్లు. పోలీసులు పెద్దవాళ్లను వదిలేసి కుర్రాళ్లను మాత్రం ఆపుతున్నారు. గుర్తింపు కార్డు, జేబులు, ఒక్కోసారి చొక్కా ఎత్తించడం. ఒక పదహారేళ్లవాణ్ని గోడకు తిప్పి నిలబెట్టారు. వాడి అమ్మ కాబోలు, పోలీసు మోచెయ్యి పట్టుకుని ఏదో చెబుతోంది. ఐదు నిమిషాలకు వదిలేశారు. వాడు లోపలికి పోలేదు, ఇంటివైపు వెళ్లిపోయాడు.

నమాజు అయ్యాక భాయ్ బయటికొచ్చాడు. మిఠాయి కొట్లో వేడి కనాఫె తింటుండగా ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. జెరూసలేంలోనే రామోత్ పేటలో బస్‌స్టాప్ మీదికి ఒకడు కారు ఎక్కించాడు. ఆరేళ్ల పిల్లాడు, ఇరవై ఏళ్ల యువకుడు అక్కడికక్కడే పోయారు. ఆ పిల్లాడి ఎనిమిదేళ్ల అన్న మర్నాడు చనిపోయాడు. కొట్టు యజమాని టీవీ సౌండు పెంచాడు, తినేవాళ్లు చెంచాలు కింద పెట్టారు. "పిల్లలు" అన్నాడు భాయ్, ప్లేటు పక్కకు జరిపాడు. యజమాని షట్టర్ సగం దించుతూ, "ఇవాళ ఇక గేట్లన్నీ బిగిస్తారు, మీరు చీకటి పడకముందే రూముకి వెళ్లిపోండి" అన్నాడు. డబ్బు తీసుకోలేదు. డమాస్కస్ గేటు దగ్గర అప్పటికే పోలీసులు రెట్టింపయ్యారు. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజుకి లోపలికి వెళ్లాలనుకున్న భాయ్ రూములోనే చదువుకున్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు 2023లో మేం చూసిన లెక్కన కొన్ని సంగతులు. 2023లో రమజాన్ మార్చి 23 ప్రాంతంలో మొదలైంది, యూదుల పస్కా ఏప్రిల్ 5 సాయంత్రం. రెండూ కలిసే రోజుల్లో వెళ్లకండి, రమజాన్ చివరి పది రోజులు టూరిస్టులకు మామూలుగా గేటు మూసేస్తారు. మగ్రబీ గేటుకు ఏడింటికల్లా క్యూలో ఉండండి, టికెట్ లేదు. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకోండి, మతపుస్తకాలు రూములో వదిలెయ్యండి. ముస్లిం మిత్రులుంటే ఫాతిహా అడుగుతారని ముందే చెప్పండి, కొందరు కంగారుపడతారు. జెరూసలేంతో సరిపెట్టుకుని హెబ్రాన్ మానెయ్యొద్దు. మేం వెళ్లినప్పుడు పొద్దున వెళ్తే సాయంత్రానికి రాగలిగేవాళ్లు, రానూ పోనూ ఖర్చు మనిషికి 80 షెకెళ్లు దాటలేదు. శుక్రవారం ముస్లింల వైపు, శనివారం యూదుల వైపు బయటివాళ్లను పోనివ్వరు కాబట్టి మధ్య వారంలో పెట్టుకోండి.